బయాస్‌లోకి వెళ్లగానే స్క్రీన్ నల్లగా ఉండిపోతోందా? వరుసగా ఏం చూడాలి, ఎలా సరిచేయాలి

విండోస్ మామూలుగానే వస్తుంది, పని అంతా నడుస్తుంది. రీస్టార్ట్ చేసి డిలీట్ కీ నొక్కితే మాత్రం స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. ఎంతసేపు ఆగినా బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచి, కంప్యూటర్ సెట్టింగులు చూపించే ప్రోగ్రాం) కనిపించదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, ఏ కీ ముట్టుకోకుండా మళ్లీ ఆన్ చేస్తే విండోస్ ఎప్పటిలాగే వచ్చేస్తుంది. ఈ ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి, దేని తర్వాత ఏది చేయాలో వరుసతో సహా ఇక్కడ ఇస్తున్నాం.

ఇలాంటప్పుడు బయాస్ చెడిపోవడం అరుదు. చాలాసార్లు అది లోపల నడుస్తూనే ఉంటుంది. కాకపోతే బొమ్మను వేరే పోర్టుకు పంపుతుంటుంది, లేదా మీ మానిటర్‌కు అందని పద్ధతిలో పంపుతుంటుంది. విండోస్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ ఉంటుంది, అన్ని పోర్టులనూ అదే లేపుతుంది. బయాస్ దశలో ఆ డ్రైవర్ ఉండదు, గ్రాఫిక్స్ కార్డులోనే రాసి ఉన్న చిన్న ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్ ఒక్కటే దిక్కు. విండోస్‌లో బాగా పనిచేసే కేబులే బయాస్‌లో పనిచేయకపోవడానికి కారణం ఇదే. అందుకే ముందు కేబుళ్లు, పోర్టులు చూడాలి. బ్యాటరీ తీయడం, బయాస్ అప్‌డేట్ చేయడం చివరి పనులు. చాలామంది దీన్ని తిరగేసి చేసి, చిన్న సమస్యను పెద్దది చేసుకుంటున్నారు.

మీకు విండోస్ కూడా రాకపోతే, అంటే ఆన్ చేసిన దగ్గర్నుంచీ ఏమీ కనిపించకపోతే, అది వేరే సమస్య. దానికి ర్యామ్, ప్రాసెసర్, పవర్ సప్లై వైపు వెతకాలి. ఈ వరుస దానికి పనికిరాదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వైరుతో ఉన్న మామూలు యూఎస్‌బీ కీబోర్డు. నమ్ లాక్ లైటు ఉన్నదైతే మంచిది.
- ఒక హెచ్‌డీఎంఐ కేబుల్, వీలైతే ఒక డిస్‌ప్లేపోర్ట్ కేబుల్.
- రెండో మానిటర్ లేదా టీవీ. 1080పీ, 60 హెర్ట్జ్ పాత మానిటర్ దొరికితే అంతకన్నా మంచిది లేదు.
- స్టార్ స్క్రూడ్రైవర్, సీఆర్2032 బ్యాటరీ ఒకటి, టార్చి.
- మదర్‌బోర్డు మాన్యువల్. పుస్తకం లేకపోతే తయారీదారు సైటు నుంచి ఫోన్లోకి దించుకోండి.

మొదలుపెట్టే ముందు ఈ రెండూ తప్పక చేయండి

డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో విండోస్ సెట్టింగ్స్‌లో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఫోన్లో తెరిచి చూసుకోవచ్చు. బయాస్ సెట్టింగులు మారితే విండోస్ ఆ కీ అడగవచ్చు. కీ లేకపోతే డ్రైవ్‌లో ఉన్నదంతా పోయినట్టే. బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేస్తే, అంటే తాత్కాలికంగా ఆపితే చాలు కదా అనుకోకండి. మామూలుగా సస్పెండ్ చేసినది తర్వాతి రీస్టార్ట్‌తోనే మళ్లీ ఆన్ అయిపోతుంది, ఇక్కడ మీరు పది పదిహేనుసార్లు రీస్టార్ట్ చేయబోతున్నారు.

రెండోది, స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయాస్ మోడ్ అన్న వరుసలో యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి) ఉందా, లెగసీ (పాత పద్ధతి) ఉందా రాసుకోండి. దాని పక్కనే మదర్‌బోర్డు మోడల్, బయాస్ వెర్షన్, సెక్యూర్ బూట్ స్థితి కూడా ఉంటాయి, అవీ రాసుకోండి. డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్స్ తెరిచి, రెయిడ్ అనో వీఎండీ అనో (ఇవి డ్రైవ్‌లను నడిపే పద్ధతుల పేర్లు) ఉంటే ఆ పేరూ రాసుకోండి. ఇవన్నీ మెట్టు 6 నుంచి అవసరమవుతాయి.

మెట్టు 1: అది ఎలాంటి నలుపో చూడండి

గదిలో లైటు ఆపి మానిటర్‌ను దగ్గరగా చూడండి. మూడింటిలో ఒకటి కనిపిస్తుంది.

సిగ్నల్ లేదు అన్న అక్షరాలు వచ్చి, కాసేపటికి మానిటర్ లైటు రంగు మారితే లేదా మినుకుమినుకుమంటే, ఆ కేబుల్‌లోకి ఏమీ రావడం లేదు. మెట్టు 3కు వెళ్లండి.

స్క్రీన్ వెనక నుంచి సన్నటి బూడిదరంగు వెలుగు వస్తూ, మానిటర్ లైటు మామూలుగానే ఉంటే సిగ్నల్ వస్తోంది, బొమ్మే నల్లగా ఉంది. బయాస్ స్తంభించిందేమో చూడాలి, మెట్టు 2 చేసి 4కు వెళ్లండి.

ఈ రేంజ్ పనిచేయదు అని మానిటర్ చెబితే, రిజల్యూషన్ లేదా రిఫ్రెష్ రేటు దానికి అందడం లేదు. వేరే మానిటర్ పెడితే తేలిపోతుంది.

ఇంకో సంగతి. కొన్ని మానిటర్లు నిద్రలోంచి లేవడానికి అయిదారు సెకన్లు తీసుకుంటాయి. కీ నొక్కాక కనీసం 20 సెకన్లు ఆగి, అప్పుడు తేల్చుకోండి.

మెట్టు 2: బయాస్ నిజంగా తెరుచుకుందా?

నల్ల స్క్రీన్ మీద ఉన్నప్పుడు నమ్ లాక్ కీ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల బయాస్ బతికే ఉంది. తర్వాత కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. చాలా బోర్డుల్లో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. అలా అయితే సమస్య డిస్‌ప్లేది. నమ్ లాక్ కదలకపోతే బయాస్ తెరుచుకునే క్రమంలో ఎక్కడో ఇరుక్కుంది.

అసలు కీ అందిందో లేదోనని అనుమానం ఉంటే విండోస్ నుంచే వెళ్లండి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే నీలం మెనూ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ వరుసగా ఎంచుకోండి. చివరిది కనిపించకపోతే మీ విండోస్ లెగసీ మోడ్‌లో ఉందని అర్థం, కీ నొక్కడం ఒక్కటే దారి. మదర్‌బోర్డు విడిగా కొని బిగించిన కంప్యూటర్లలో అది ఎక్కువగా డిలీట్ లేదా ఎఫ్2. కంపెనీ తయారుచేసి ఇచ్చిన వాటిలో డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10 సాధారణం. పవర్ నొక్కిన వెంటనే, సెకనుకు ఒకటి రెండుసార్లు చొప్పున ఆ కీ తడుతూ ఉండండి. నొక్కిపట్టుకుని ఉంచితే కొన్ని బోర్డులు పట్టించుకోవు.

మెట్టు 3: కేబుల్, పోర్టు, మానిటర్

ఎక్కువమందికి ఇక్కడే తెగిపోతుంది. తొందరపడకుండా చేయండి.

క్యాబినెట్ వెనక్కి తిరిగి టార్చి వేసి చూడండి. పైభాగంలో యూఎస్‌బీ, ఆడియో, నెట్‌వర్క్ పోర్టులతో కలిసి ఉన్న డిస్‌ప్లే పోర్టులు మదర్‌బోర్డువి. కింద విడిగా, ఒకే వరుసలో మూడు నాలుగు ఉంటే అవి గ్రాఫిక్స్ కార్డువి. మానిటర్ కేబుల్ దేనికి తగిలించారో ముందు తెలుసుకోండి.

1. ఒక్క మానిటర్ మాత్రమే ఉంచి మిగతావాటి కేబుళ్లు తీసేయండి. మానిటర్ ఆఫ్ చేస్తే సరిపోదు, కేబులే ఊడాలి. పక్కగదిలోని టీవీకి హెచ్‌డీఎంఐ వైరు వెళ్లి ఉంటే దాన్ని మరిచిపోతారు. బయాస్ బొమ్మ ఆరిపోయి ఉన్న ఆ టీవీకే వెళుతుంటుంది.
2. మధ్యలో ఉన్న కన్వర్టర్, కేవీఎం స్విచ్ (ఒకే మానిటర్‌ను రెండు కంప్యూటర్లకు వాడే పెట్టె), స్ప్లిట్టర్, సౌండ్ రిసీవర్, క్యాప్చర్ కార్డు ఏదైనా తీసేసి కేబుల్‌ను నేరుగా పెట్టండి.
3. మానిటర్ మెనూలో ఇన్‌పుట్‌ను ఆటో మీద వదలకండి, మీరు వాడుతున్న పోర్టునే ఎంచుకోండి. డీప్ స్లీప్ లాంటిది ఉంటే ఆఫ్ చేయండి.
4. మానిటర్‌ను ముందు ఆన్ చేసి, పది సెకన్ల తర్వాత కంప్యూటర్ ఆన్ చేయండి. డిస్‌ప్లేపోర్ట్‌లో నిద్రపోతున్న మానిటర్ కంప్యూటర్‌కు లేనట్టే కనిపించవచ్చు.
5. కంప్యూటర్ ఆపి కేబుల్‌ను కార్డులోని పక్క పోర్టుకు మార్చి మళ్లీ ప్రయత్నించండి. నాలుగు పోర్టులుంటే నాలుగూ చూడాలి. బయాస్ దశలో కొన్ని కార్డులు ఒక పోర్టుకే బొమ్మ ఇస్తాయి.
6. డిస్‌ప్లేపోర్ట్ వాడుతుంటే హెచ్‌డీఎంఐకి మారండి. మారడం కుదరకపోతే మానిటర్ మెనూలో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్‌ను 1.4 నుంచి 1.2కు తగ్గించి చూడండి.
7. 1080పీ మానిటర్ లేదా టీవీని హెచ్‌డీఎంఐతో పెట్టండి.

ఇంకా కనిపించకపోతే మదర్‌బోర్డు పోర్టు చూడాలి. దీనికి ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో అది ఉండదు. రైజెన్ 5000 సిరీస్‌లో జీ ఉన్నవాటికే ఉంటుంది. రైజెన్ 7000 నుంచి ఎక్కువ వాటికి ఉంది, ఎఫ్ ఉన్నవాటికి లేదు. కార్డు బిగించి ఉండగా చాలా బోర్డులు ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి కాబట్టి, కేబుల్ మార్చి ఊరుకుంటే లాభం లేదు. కరెంటు తీసేసి, కార్డు పవర్ వైర్లు ఊడదీసి, స్లాటు చివరి లాక్ నొక్కి కార్డును పూర్తిగా బయటకు తీయండి. అప్పుడు బయాస్ కనిపిస్తే దోషం కార్డు వైపు ఉంది, మెట్టు 5 మీ కోసమే.

మెట్టు 4: తగిలించినవన్నీ తీసేయండి

నమ్ లాక్ స్పందించని వాళ్లకు ఇది ముఖ్యం. బయాస్ తెరుచుకునేటప్పుడు ప్రతి యూఎస్‌బీ పరికరాన్నీ, ప్రతి డ్రైవ్‌నూ పలకరిస్తుంది. ఒకటి సరిగా జవాబివ్వకపోతే అక్కడే ఆగిపోవచ్చు.

కీబోర్డు తప్ప యూఎస్‌బీవన్నీ పీకండి: వైర్‌లెస్ రిసీవర్లు, గేమ్ కంట్రోలర్, బయటి హార్డ్‌డిస్క్, ప్రింటర్, హబ్, కార్డ్ రీడర్. కీబోర్డును వెనకవైపు యూఎస్‌బీ 2.0 పోర్టుకు పెట్టండి. బయాస్ వస్తే ఒక్కొక్కటే తిరిగి పెడుతూ దొంగను పట్టుకోండి. రాకపోతే కరెంటు తీసి, విండోస్ ఉన్న డ్రైవ్ తప్ప మిగతా డ్రైవ్‌ల కేబుళ్లు తీయండి. చివరికి దాన్నీ తీసి చూడండి. అన్నీ తీశాక బయాస్ వచ్చిందంటే తప్పు డ్రైవ్‌ది, దాని ఆరోగ్యం చూసుకునే ముందు అందులోని ఫైళ్లు కాపీ తీసుకోండి.

మెట్టు 5: గ్రాఫిక్స్ కార్డు ఫర్మ్‌వేర్

కార్డు ఫర్మ్‌వేర్ వల్ల వచ్చే ఈ నల్ల స్క్రీన్ కోసమే గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్‌విడియా ఉచిత అప్‌డేట్ టూల్స్ ఇచ్చింది. 2018లో వచ్చినది డిస్‌ప్లేపోర్ట్ 1.3, 1.4 మానిటర్ల కోసం. మ్యాక్స్‌వెల్, పాస్కల్ తరం కార్డుల్లో, అంటే జీటీఎక్స్ 900, 1000 సిరీస్‌ల్లో, విండోస్ వచ్చేదాకా స్క్రీన్ నల్లగా ఉండే లోపాన్ని అది సరిచేస్తుంది. తర్వాత డిస్‌ప్లేఐడీ (మానిటర్ తన వివరాలను కంప్యూటర్‌కు చెప్పే పద్ధతి) వాడే మానిటర్ల కోసం మరో టూల్ వచ్చింది. ఆర్‌టీఎక్స్ 5060 కుటుంబానికి 2025లో ఇంకొకటి వచ్చింది. మీ కార్డుకు సరిపోయేదాన్ని ఎన్‌విడియా సపోర్ట్ పేజీ నుంచే దించుకోండి.

తెరిచిన ప్రోగ్రాములన్నీ మూసి టూల్ నడపండి. అప్‌డేట్ అవసరమో కాదో అదే ముందు చెబుతుంది. అవసరం లేదంటే బలవంతం చేయకండి. నడుస్తున్నప్పుడు కరెంటు పోతే కార్డు పనికిరాకుండా పోవచ్చు, యూపీఎస్ ఉంటే దాని మీదే పెట్టండి. వేరే కంపెనీ కార్డుకైతే కార్డు తయారీదారు సైటులో మీ మోడల్ పేజీ చూడండి. పేరు దగ్గరగా ఉంది కదా అని ఇంకో మోడల్ ఫైలు ఎక్కించకండి.

మెట్టు 6: సీఎస్‌ఎం, పాత కార్డులు

విండోస్ 11 కోసం సీఎస్‌ఎం (పాత లెగసీ పద్ధతిని నడవనిచ్చే బయాస్ సెట్టింగు) ఆపేశాక ఈ సమస్య మొదలైందా? దాదాపు 2012కు ముందు వచ్చిన కార్డుల్లో చాలావాటికి యూఈఎఫ్‌ఐలో బొమ్మ చూపించే భాగమే లేదు. సీఎస్‌ఎం ఉన్నంతకాలం అది కప్పిపుచ్చింది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి, బయాస్ వెర్షన్ పక్కన యూఈఎఫ్‌ఐ గడిలో టిక్ ఉందేమో చూడండి. లేకపోతే మూడు దారులు: ప్రాసెసర్ గ్రాఫిక్స్ వాడటం, కార్డు మార్చడం, బయాస్ రీసెట్ చేసి సీఎస్‌ఎం తిరిగి ఆన్ చేయడం.

సీఎస్‌ఎంను మార్చే ముందు మీరు రాసుకున్న బయాస్ మోడ్ చూడండి. లెగసీ అని ఉంటే సీఎస్‌ఎం ఆపగానే విండోస్ బూట్ కాదు. అప్పుడు విండోస్ పాడైందనుకుని ఫార్మాట్ చేయకండి, సీఎస్‌ఎం ఆన్ చేస్తే తిరిగి వస్తుంది.

మెట్టు 7: సీమాస్ క్లియర్ చేయడం

సీమాస్ అంటే బయాస్ సెట్టింగులు దాచి ఉంచే చిన్న మెమరీ. దాన్ని క్లియర్ చేస్తే సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. బిట్‌లాకర్ కీ రాసుకోకుండా దీని జోలికి రావద్దు.

1. షట్‌డౌన్ చేసి, పవర్ సప్లై వెనక స్విచ్ ఆపి, వైరు పీకండి. పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కిపట్టి మిగిలిన కరెంటు ఖాళీ చేయండి.
2. క్యాబినెట్ లోహాన్ని చేత్తో ముట్టుకున్నాకే లోపల చేయి పెట్టండి.
3. మాన్యువల్‌లో క్లియర్ సీమాస్ పిన్నులు ఎక్కడున్నాయో చూడండి. వెనకవైపు బటనే ఉంటే ఇంకా సులువు. రెండు పిన్నులైతే స్క్రూడ్రైవర్ మొనతో రెంటినీ కలిపి 10 సెకన్లు ఉంచండి. మూడు పిన్నులైతే వాటి మీది చిన్న క్యాప్‌ను 1-2 నుంచి 2-3కు మార్చి, 10 సెకన్ల తర్వాత యథాస్థానంలో పెట్టండి. దాన్ని 2-3 మీదే మరిచిపోతే కంప్యూటర్ ఆన్ కాదు.
4. పిన్నులు దొరకకపోతే గుండ్రటి బ్యాటరీ తీయండి. పక్కనున్న చిన్న లోహపు కొక్కేన్ని గోటితో వెనక్కి నెడితే బ్యాటరీ పైకి లేస్తుంది. మీటి పెకలించకండి, కొక్కెం విరిగితే బోర్డుకే నష్టం. పది నిమిషాలు ఆగి, ప్లస్ గుర్తు పైకి వచ్చేలా పెట్టండి. కొత్త బ్యాటరీ 3 వోల్టుల పైన చూపిస్తుంది. మీది 2.8 కన్నా తక్కువ చూపిస్తే, లేదా కరెంటు తీసినప్పుడల్లా కంప్యూటర్ గడియారం వెనక్కి వెళుతుంటే, కొత్తది వేయండి.
5. ఆన్ చేసి ఓపిక పట్టండి. మొదటిసారి దానంతట అదే రెండు మూడుసార్లు ఆగి ఆన్ కావచ్చు. డీడీఆర్5 ర్యామ్ ఉంటే దాన్ని సరిచూసుకోవడానికే కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. 15 నిమిషాల వరకూ కదిలించకండి. మధ్యలో ఆపితే ఆ పని మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

రీసెట్ తర్వాత విండోస్ నీలం స్క్రీన్‌తో బూట్ డివైస్ అందడం లేదని చెబితే, స్టోరేజ్ మోడ్ మారిపోయింది. మీరు రాసుకున్న రెయిడ్ లేదా వీఎండీని బయాస్‌లో తిరిగి పెట్టండి. దీనికి కూడా ఫార్మాట్ అక్కర్లేదు.

మెట్టు 8: స్క్రీన్ లేకుండా బయాస్ అప్‌డేట్

పై ఏడూ అయ్యాకే ఇది. మీ బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ (పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బయాస్ ఎక్కించేది) ఉంటే డిస్‌ప్లే అవసరమే లేదు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, మీ మోడల్ బయాస్ ఫైలును మాన్యువల్ చెప్పిన పేరుతోనే అందులో పెట్టండి. పేరులో ఒక్క అక్షరం తప్పినా బోర్డు దాన్ని గుర్తించదు. బోర్డు మూల ముద్రించి ఉన్న రివిజన్ నంబరు కూడా సరిపోవాలి.

కంప్యూటర్ ఆఫ్‌లో, పవర్ సప్లై ఆన్‌లో ఉండగా, గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టుకే పెన్‌డ్రైవ్ పెట్టి బటన్‌ను మూడు సెకన్లు నొక్కండి. లైటు మినుకుమంటూ కొన్ని నిమిషాలు నడిచి, పని అయ్యాక దానికదే ఆరిపోతుంది. కొన్ని సెకన్లకే మినుకుమనడం ఆగిపోతే ఫైలు పేరు, ఫార్మాట్ మళ్లీ చూడండి. పెద్ద పెన్‌డ్రైవ్ కన్నా 8 లేదా 16 జీబీ పాతదాన్ని బోర్డు తేలిగ్గా ఒప్పుకుంటుంది.

తరచూ చేసే తప్పులు

ఒకేసారి కేబుల్, పోర్టు, సెట్టింగు మూడూ మార్చేస్తారు. బయాస్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు, వారం తర్వాత మళ్లీ పోతే మొదటికే వస్తుంది. ఒక్కసారి ఒక్కటే మార్చండి, మార్చినది రాసుకోండి.

నల్ల స్క్రీన్ మీద గుడ్డిగా ఎఫ్ కీలు, ఎంటర్ నొక్కుతుంటారు. డీఫాల్ట్స్ తెచ్చే కీ బోర్డు బోర్డుకూ వేరు. ఆసుస్‌లో ఎఫ్5 అయితే ఎమ్ఎస్ఐలో ఎఫ్6, గిగాబైట్‌లో ఎఫ్7. కనిపించకుండా నొక్కితే ఏం మారిందో మీకే తెలియదు. బయాస్ నుంచి బయటపడాలంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ చాలు.

విండోస్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తీసి మళ్లీ వేయడం మరొకటి. బయాస్ తెరుచుకునేటప్పటికి విండోస్ ఇంకా మొదలే కాలేదు, ఆ డ్రైవర్‌కు ఇక్కడ పనిలేదు.

బయాస్ కనిపించాక

వెంటనే బయటికి రాకండి. ఫాస్ట్ బూట్ లేదా అల్ట్రా ఫాస్ట్ ఆన్‌లో ఉంటే ఆపండి, అది కీబోర్డును, మొదటి బొమ్మను దాటేయగలదు. ప్రైమరీ డిస్‌ప్లే సెట్టింగును మీ కేబుల్ ఉన్న వైపుకు మార్చండి. పోస్ట్ డిలే (ఆన్ అయ్యాక మొదటి స్క్రీన్ దగ్గర ఆగే సమయం) ఉంటే అయిదు సెకన్లు పెట్టండి, మానిటర్ లేచే సమయం దొరుకుతుంది. రీసెట్ చేసి ఉంటే ర్యామ్ ప్రొఫైల్ (ర్యామ్ వేగం సెట్టింగు), తేదీ, సమయం, సెక్యూర్ బూట్ తిరిగి పెట్టి సేవ్ చేయండి. మార్చిన ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

సరైందో లేదో తేల్చుకోవడానికి ఒక్క రీస్టార్ట్ చాలదు. షట్‌డౌన్ చేసి, వైరు పీకి 30 సెకన్లు ఆగి, ఆన్ చేసి బయాస్‌లోకి వెళ్లండి. ఇలా మూడుసార్లు. తర్వాత తీసేసిన రెండో మానిటర్, యూఎస్‌బీ పరికరాలు ఒక్కొక్కటే పెడుతూ ప్రతిసారీ చూడండి. పాత కేబుల్‌తో మాత్రమే నలుపు తిరిగి వస్తుంటే, రోజువారీ పనికి దాన్నే వాడుతూ బయాస్ కోసం కార్డుకు రెండో హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టుకున్నా సరిపోతుంది. బిట్‌లాకర్ సస్పెండ్ చేసి ఉంటే అన్నీ అయ్యాక విండోస్‌లోకి వెళ్లి, అది మళ్లీ ఆన్‌లోకి వచ్చిందో లేదో చూసుకోండి.